జేబులో పిల్లనగ్రోవి ఉన్న రెండో డాక్టర్

బ్రిటన్ టీవీలో 1963 నవంబరు 23న మొదలైన ‘డాక్టర్ హూ’ సీరియల్‌లో హీరోకి పేరు లేదు. అందరూ ‘డాక్టర్’ అంటారు, అంతే. వేరే గ్రహం నుంచి వచ్చినవాడు. పైకి పోలీసు బాక్సులా కనిపించే టార్డిస్ అనే యంత్రంలో కూర్చుని కాలంలో ముందుకీ వెనక్కీ, గ్రహం నుంచి గ్రహానికీ తిరుగుతుంటాడు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఒళ్లంతా మారిపోయి కొత్త మనిషిగా లేచి కూర్చుంటాడు. అందుకే ఇన్ని దశాబ్దాల్లో ఆ పాత్రను ఒకరి తర్వాత ఒకరు వేస్తూ వచ్చారు. వాళ్లలో చాలామందికి దక్కినంత పేరు రెండో డాక్టర్ పాట్రిక్ ట్రౌటన్‌కు మన దేశంలో దక్కలేదు. నన్నడిగితే అందరిలోకీ ముఖ్యుడు ఆయనే. మొదటి నటుడు డాక్టర్‌ను పుట్టించాడు. ఒక నటుడు వెళ్లిపోయినా డాక్టర్ బతుకుతాడని చూపించింది మాత్రం ట్రౌటన్. ఆ విశేషాలే ఇవి.

పోలికలు వద్దనుకున్నారు

మొదటి డాక్టర్ విలియం హార్ట్‌నెల్. తెల్లజుట్టు, చిరచిరలాడే తాతయ్య స్వభావం. 1966 నాటికి ఆయన ఆరోగ్యం బాగా దెబ్బతింది. డైలాగులు గుర్తుండటం కష్టమైంది. సీరియల్‌కేమో మంచి ఆదరణ ఉంది. అప్పుడు నిర్మాత ఇన్నెస్ లాయిడ్, కథల విభాగం చూసే గెరీ డేవిస్ ముందు రెండు దారులున్నాయి: సీరియల్ ఆపెయ్యడం, లేదా హార్ట్‌నెల్‌ను పోలిన నటుణ్ని వెతకడం. వాళ్లు మూడో దారి పట్టారు. డాక్టర్ మనిషి కాడు కదా, అలాంటప్పుడు అతని శరీరం పూర్తిగా మారిపోతే తప్పేముంది?

1966 అక్టోబరు 29న ‘ది టెన్త్ ప్లానెట్’ చివరి భాగంలో డాక్టర్ టార్డిస్ నేల మీద కుప్పకూలాడు. ముఖం వెలుగులో కరిగి, ఇంకో ముఖం తేలింది. స్టూడియోలో మిక్సింగ్ బల్ల సరిగ్గా పనిచేయకపోతే ఆ లోపాన్నే వాడుకుని ఆ వెలుగును రాబట్టారు. ఈ మార్పుకు ‘రీజనరేషన్’ అన్న పేరు అప్పటికి లేదు. ఆ మాట మొదటిసారి వినిపించింది 1974లో, మూడో డాక్టర్ వెళ్లిపోతున్నప్పుడు.

ఆ భాగం పూర్తి కాపీ బీబీసీ దగ్గర లేకుండా పోయింది. ముఖం మారే ఆ కొన్ని క్షణాలు మాత్రం మిగిలాయి. 1973లో పిల్లల కార్యక్రమం ‘బ్లూ పీటర్’లో ఆ ముక్కను చూపించడం వల్ల అది దక్కింది.

అద్దంలో పాత ముఖం

కొత్త డాక్టర్ తొలి కథ ‘ది పవర్ ఆఫ్ ది డాలెక్స్’. 1966 నవంబరు 5 నుంచి ఆరు వారాలు వచ్చింది. ఇందులో మొదటి పది నిమిషాలు నాకు మళ్లీ మళ్లీ గుర్తొస్తాయి. నిద్రలేచిన ఈ కొత్త మనిషి, తనతో టార్డిస్‌లో తిరిగే బెన్, పాలీలకు ఏ సంజాయిషీ ఇవ్వడు. పెట్టె తెరిచి సామాన్లు కెలుకుతాడు. అద్దం చూసుకుంటాడు. అందులో క్షణంపాటు హార్ట్‌నెల్ ముఖం కనిపించి మాయమవుతుంది. వేలికి పాత ఉంగరం పెట్టుకుంటే వదులై జారిపోతుంది. ‘డాక్టర్’ గురించి మాట్లాడాల్సి వస్తే ఎవరో మూడో మనిషి గురించి చెప్పినట్టు చెబుతాడు. అడిగిన ప్రశ్నకు జవాబుగా రికార్డర్ తీసి ఊదుతాడు. నిలువుగా పట్టుకుని ఊదే పిల్లనగ్రోవి అది.

పాలీ నమ్ముతుంది. బెన్ నమ్మడు. ఇంట్లో కూర్చుని చూస్తున్న ప్రేక్షకులూ ఆ ఇద్దరిలాగే చీలిపోయి ఉంటారు. ఆ తగవు తీర్చింది ఎవరో తెలుసా? శత్రువు. వల్కన్ అనే గ్రహం మీద మనుషులు తెలియక బతికించిన డాలెక్, అంటే డాక్టర్ పాత పగజాతి యంత్రప్రాణి, తన కన్నును అందరి మీదా తిప్పి, ఈ మనిషి దగ్గర ఆపుతుంది. ముఖం మారినా అది గుర్తుపట్టింది. స్నేహితుడు పోల్చుకోలేనివాణ్ని పగవాడు పోల్చుకోవడం అనే ఆలోచన ఎంత బలమైనదో! ఆ క్షణం నుంచి బెన్ సందేహం కరగడం మొదలవుతుంది. ఆ వెంటనే డాలెక్ అమాయకంగా తాను మనుషుల సేవకుణ్నని పదేపదే చెబుతుంటే, దాని అసలు రంగు తెలిసిన డాక్టర్ మాట ఒక్కరూ వినరు.

ఈ కథలోని ఆరు భాగాల్లో ఒక్కటీ పూర్తిగా మిగల్లేదు. 2016లో పాత ధ్వనికి యానిమేషన్ జోడించి విడుదల చేశారు.

చాప్లిన్ ఛాయ

ఈ కొత్త డాక్టర్ ఎలా ఉండాలన్న దాని మీద చాలా చర్చ నడిచింది. ఒకే పాత్ర ముద్ర పడిపోతుందని ట్రౌటన్‌కు భయం. అందుకని గడ్డం, తలపాగా, చెవిపోగులు పెట్టుకుని, ముఖానికి రంగు పూసుకుని ఎవరూ గుర్తుపట్టకుండా నటిస్తానన్నాడు. పాత తెరచాప ఓడ కెప్టెన్ వేషం కూడా అనుకున్నారు. సీరియల్ పుట్టుకకు ముఖ్య కారకుడైన సిడ్నీ న్యూమన్ వాటిని పక్కన పెట్టి, చార్లీ చాప్లిన్ లాంటి దేశదిమ్మరి అయితే ఎలా ఉంటుందన్నాడు. విశ్వమంతా తిరిగే దేశదిమ్మరి!

అలా వచ్చాయి వదులు వదులు గళ్ల ప్యాంటు, ఒంటికి పెద్దదైన నల్లకోటు, వంకర బో టై. జుట్టు ఆనాటి బీటిల్స్ కుర్రాళ్లలా నుదుటి మీదికి. తొలి కథల్లో పొడుగాటి టోపీ కూడా ఉండేది. త్వరలోనే దాన్ని వదిలేశారు. రికార్డర్ మాత్రం ఉండిపోయింది. 500 ఏళ్ల డైరీ అనే పుస్తకం కూడా జేబులో ఉండేది.

వేషాలు కట్టడం మీదా ఈ డాక్టర్‌కు మొదట్లో భలే మోజు. 1746 నాటి స్కాట్లండ్ యుద్ధం నేపథ్యంలో వచ్చిన ‘ది హైలాండర్స్’లో జర్మన్ వైద్యుడిగా, ముసలి పనిమనిషిగా మారువేషాలు వేశాడు.

తెలివి దాచుకున్నవాడు

ఈ డాక్టర్‌ను మిగతా అందరి నుంచీ వేరు చేసేది ఇదే. గదిలోకి వస్తే పెత్తనం చేయడు. మూలన నిలబడతాడు, తడబడతాడు, భయపడ్డట్టు కనిపిస్తాడు. ఎదుటివాళ్లు ఇతన్ని వెర్రిబాగులవాడనుకుని నోరు జారతారు. ఆ పాటికి ఇతను గది అంతా చదివేసి ఉంటాడు. ట్రౌటన్ కళ్లను గమనించండి: నోరు ఏదో పిచ్చి మాట అంటుంటే కళ్లు లెక్కలు వేస్తుంటాయి. తర్వాతి నటులు ఎందరో ఈ పద్ధతిని తీసుకున్నారు. ఇంత కచ్చితంగా చేసినవాళ్లు నాకు కనిపించలేదు.

అతని భయం నటన అనుకుంటే పొరపాటు. భయం నిజమే, అయినా పారిపోడు. 1967 ఫిబ్రవరిలో వచ్చిన ‘ది మూన్‌బేస్’లో సైబర్‌మెన్ అనే సగం యంత్రపు శత్రువులు ఉన్నారని తెలిశాక, విశ్వంలో కొన్ని మూలల్లో అతి ఘోరమైనవి పుట్టి పెరిగాయని, వాటిని ఎదిరించి తీరాలని గంభీరంగా చెబుతాడు. ఊరికే ఊళ్లు చూడటానికి తిరిగే యాత్రికుడు అన్యాయం కనిపిస్తే ఆగి నిలబడేవాడిగా గట్టిపడింది ఈ డాక్టర్ కాలంలోనే.

సమాధిలో ఒక రాత్రి

‘ది టూంబ్ ఆఫ్ ది సైబర్‌మెన్’ 1967 సెప్టెంబరులో నాలుగు వారాలు వచ్చింది. తలుపు తెరుచుకునేటప్పుడు డాక్టర్, అతనితో తిరిగే కుర్రాడు జేమీ ఇద్దరూ తోటి ప్రయాణికురాలు విక్టోరియా చెయ్యి పట్టుకోబోయి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటారు. చూసి నవ్వకుండా ఉండలేం. ఇదే కథలో ఇంకో సన్నివేశం ఉంది. అందరూ పడుకున్నారు. విక్టోరియా తండ్రి అంతకుముందు కథలోనే చనిపోయాడు. ఆ పిల్లకు నిద్ర పట్టడం లేదు. డాక్టర్ వచ్చి పక్కన కూర్చుంటాడు. నీ వాళ్లు నీకు గుర్తున్నారా అని ఆమె అడుగుతుంది. గుర్తు తెచ్చుకోవాలని గట్టిగా అనుకున్నప్పుడే వస్తారు, మిగతా వేళ తన మనసులో నిద్రపోతుంటారని అంటాడు. నీ తండ్రి జ్ఞాపకం కూడా ఒకనాటికి అలాగే అవుతుందని ధైర్యం చెబుతాడు. గొంతు పెంచడు, కన్నీళ్లు పెట్టుకోడు. రబ్బరు గొట్టాలూ వెండి రంగూ పూసుకున్న రాక్షసులున్న పిల్లల సీరియల్‌లో దుఃఖం గురించి ఇంత మెత్తగా మాట్లాడటం చూసి నేను ఆశ్చర్యపోయాను.

ఈ నాలుగు భాగాలూ చాలాకాలం ఎక్కడా లేవు. 1990ల ఆరంభంలో హాంకాంగ్‌లో దొరికాయి. పదకొండో డాక్టర్‌గా ఎంపికైన మాట్ స్మిత్ పాత కథలు చూస్తూ దీనితో ప్రేమలో పడ్డానని చెప్పాడు. ఆయన మెడలో బో టై చూసినవాళ్లకు ఆ ప్రేమ ఎంతటిదో తెలుస్తుంది.

జేమీ ముఖం మారిన వారం

స్కాట్లండ్ కుర్రాడు జేమీ పాత్ర ఫ్రేజర్ హైన్స్‌ది. ‘ది హైలాండర్స్’ కథతో వెళ్లిపోవాల్సినవాడు. నచ్చాడని ముగింపు మళ్లీ చిత్రీకరించి టార్డిస్ ఎక్కించారు. ట్రౌటన్ తొలి కథ ఒక్కటి తప్ప మిగతా అన్నింట్లోనూ ఉన్నాడు.

1968లో ‘ది మైండ్ రాబర్’ తీస్తుండగా హైన్స్‌కు అమ్మవారు పోసింది. వారమంతా రిహార్సల్ చేసి వారాంతంలో ఒక సాయంత్రం స్టూడియోలో తీసేసే రోజులవి. వాయిదా మాటే లేదు. రచయిత ఏం చేశాడో చూడండి. కథ జరిగేది కల్పనా లోకంలో. అక్కడ జేమీ ముఖం చెరిగిపోతుంది. కళ్లూ ముక్కూ నోరూ విడివిడి బొమ్మలుగా డాక్టర్ ముందుకు వస్తాయి. వాటిని సరిగ్గా పేర్చాలి. డాక్టర్ తప్పుగా పేరుస్తాడు! అంతే, జేమీ వేరే ముఖంతో, అంటే హమీష్ విల్సన్ అనే మరో నటుడితో తిరుగుతాడు. హైన్స్ కోలుకున్నాక డాక్టర్‌కు ఇంకో అవకాశం వస్తుంది, ఈసారి సరిగ్గా పేరుస్తాడు.

అదే కథలో మొదటి భాగం ఇంకో అవసరం నుంచి పుట్టింది. దానికి ముందు కథ ఆరు భాగాల నుంచి ఐదుకు తగ్గడంతో ఒక వారం ఖాళీ పడింది. డబ్బు లేదు, సెట్లు లేవు. ఉన్నది టార్డిస్, తెల్లటి ఖాళీ తెర. ఏమీ లేని శూన్యంలో డాక్టర్ బృందం ముగ్గురూ చిక్కుకుపోవడమే కథయింది. మొత్తం సీరియల్‌లో అంత వింతగా, అంత భయంగా ఉండే భాగాలు చాలా తక్కువ.

మంచీ చెడూ ఒక్కడే

ద్విపాత్రాభినయమంటే మన ప్రేక్షకులకు చెప్పనక్కర్లేదు. 1967-68లో ‘ది ఎనిమీ ఆఫ్ ది వరల్డ్’లో ట్రౌటన్ డాక్టర్‌గానూ, ప్రపంచాన్ని గుప్పిట్లో పెట్టుకోవాలనుకునే సాలమాండర్‌గానూ నటించాడు. ఇంకా గమ్మత్తు ఏమిటంటే, సాలమాండర్‌లా నటిస్తున్న డాక్టర్‌గా కూడా. ఈ మూడూ వేరువేరుగా తెలుస్తాయి: నడక వేరు, భుజాలు వేరు, చూపు వేరు. ఇద్దరూ ఎదురుపడేది చివరి నిమిషాల్లోనే, టార్డిస్ లోపల. ఆరు వారాలు ఆగిన ప్రేక్షకుడికి ఆ కాస్తా చాలు.

చిన్న చిన్నవి

డాక్టర్ చేతిలో నేటికీ కనిపించే సోనిక్ స్క్రూడ్రైవర్ మొదట వచ్చింది 1968 నాటి ‘ఫ్యూరీ ఫ్రమ్ ది డీప్’లో. అప్పుడు దాని పని పేరుకు తగ్గట్టే మరలు విప్పడం.

ఆ కథలోనే సముద్రపు నాచు రాక్షసిని ఓడించింది విక్టోరియా కేక. నటి డెబొరా వాట్లింగ్ ఆ పాత్రలో కథ కథకూ కేకలు పెట్టింది. చివరికి ఆ కేకే ఆయుధమైంది.

సీరియల్ టైటిల్స్‌లో డాక్టర్ ముఖం కనిపించడం 1967లో ‘ది మాక్రా టెర్రర్’తో, అంటే ట్రౌటన్ ముఖంతోనే మొదలు.

‘ది వెబ్ ఆఫ్ ఫియర్’ రెండో భాగంలో డాక్టర్ అసలు కనిపించడు. ట్రౌటన్ ఆ వారం సెలవులో ఉన్నాడు. లండన్ భూగర్భ రైలు సొరంగాల్లో యేతీలు తిరిగే కథ అది. సొరంగాలు స్టూడియోలో కట్టిన సెట్లు. అనుమతి లేకుండా తమ స్టేషన్లలో షూటింగ్ చేశారని రైలు అధికారులు అనుకున్నారని చెబుతారు. తర్వాత దశాబ్దాలపాటు సీరియల్‌లో నిలిచిపోయిన లెత్‌బ్రిడ్జ్-స్టూవర్ట్ కూడా ఈ కథలోనే తొలిసారి వచ్చాడు, అప్పటికి కల్నల్ హోదాలో.

అంతకుముందు యేతీ కథ ‘ది అబామినబుల్ స్నోమెన్’ టిబెట్ మఠం చుట్టూ నడుస్తుంది. హిమాలయాలుగా చూపించినవి వేల్స్‌లోని నాంట్ ఫ్రాంకన్ కొండలు.

కోటు విప్పితే ట్రౌటన్

1920 మార్చి 25న లండన్‌లో పుట్టాడు. అమెరికాలో నటన నేర్చుకుంటుండగా రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. తిరిగి వస్తున్న ఓడ మందుపాతర తగిలి మునిగితే లైఫ్‌బోటులో బయటపడ్డాడు. బ్రిటన్ నౌకాదళంలో చేరి చిన్న యుద్ధపడవలు నడిపాడు. ఉత్తర సముద్రపు చలికి టీ కెటిల్‌కు తొడిగే ఉన్ని తొడుగును తలకు పెట్టుకునేవాడట. 1953లో టీవీలో తొలి రాబిన్‌హుడ్ ఆయనే. ‘ది ఓమెన్’ సినిమా చూసినవాళ్లకు ఫాదర్ బ్రెన్నన్ గుర్తుంటాడు, అదీ ఆయనే.

డాక్టర్‌గా ఉన్నంతకాలం ఇంటర్వ్యూలంటే దూరం. నటుడి గురించి జనానికి ఎక్కువ తెలిస్తే పాత్ర మీద నమ్మకం సడలుతుందని ఆయన పట్టు. ఈ రోజుల్లో ఆ పట్టుదల మీద నాకు ఇంకా గౌరవం పెరుగుతోంది.

కొడుకులు డేవిడ్, మైకేల్ నటులే. మనవడు హ్యారీ మెల్లింగ్ ‘హ్యారీ పోటర్’ సినిమాల్లో బొద్దు కుర్రాడు డడ్లీ. ఇంకో మనవడు జిమ్ ట్రౌటన్ క్రికెటర్: 2003లో ఇంగ్లండ్ తరఫున వన్డేలు ఆడాడు, 2012లో వార్విక్‌షైర్‌కు కెప్టెన్‌గా కౌంటీ చాంపియన్‌షిప్ సాధించాడు.

మూడేళ్లు చాలన్నాడు

ఏడాదికి 40 భాగాలకు పైగా వచ్చేవి. ట్రౌటన్ మొత్తం 119 భాగాల్లో డాక్టర్. ఒళ్లు అలిసిపోయింది, ఒకే ముద్ర పడుతుందన్న భయమూ పోలేదు. మూడేళ్లకు దిగిపోయాడు. అయిదో డాక్టర్‌గా వచ్చిన పీటర్ డేవిసన్‌కూ మూడేళ్లకు మించి ఉండొద్దని చెప్పాడు. డేవిసన్ ఆ మాట పాటించాడు.

వీడ్కోలు కథ ‘ది వార్ గేమ్స్’, పది భాగాలు, 1969 జూన్ 21న ముగిసింది. డాక్టర్ ఏ జాతివాడో, టైమ్ లార్డ్స్ అనేవాళ్లు ఎవరో ప్రేక్షకులకు తెలిసింది అప్పుడే. వేర్వేరు కాలాల నుంచి ఎత్తుకొచ్చిన సైనికులందర్నీ వాళ్ల వాళ్ల కాలాలకు చేర్చడం తన వల్ల కాదని తెలుసుకున్న డాక్టర్, పారిపోయి వచ్చిన తన జాతినే సాయం అడుగుతాడు. పిలిస్తే తాను పట్టుబడతాడని తెలిసీ పిలుస్తాడు. శిక్ష: భూమి మీద ప్రవాసం, బలవంతంగా ముఖం మార్పు. తోటి ప్రయాణికులు జేమీ, జోయీల జ్ఞాపకాల్లో డాక్టర్‌తో తిరిగిన ప్రయాణాలన్నీ తుడిచేస్తారు, మొదటి కలయిక తప్ప. జోయీ పాత్ర వెండీ ప్యాడ్‌బరీది. నాకు ఆ సీరియల్ మొత్తంలో అతి కఠినంగా అనిపించిన తీర్పు ఇదే.

నలుపు-తెలుపు డాక్టర్లలో ఆఖరివాడు ట్రౌటన్. 1970 జనవరిలో మూడో డాక్టర్ రంగుల్లో వచ్చాడు. 2024 డిసెంబరులో బీబీసీ ‘ది వార్ గేమ్స్’ను కుదించి, రంగులద్ది మళ్లీ ప్రసారం చేసింది. 1969లో చూపించకుండా వదిలేసిన ముఖం మార్పును కూడా అందులో చేర్చారు. దిగిపోయాక ట్రౌటన్ 1972-73, 1983, 1985లలో మూడుసార్లు అతిథిగా తిరిగొచ్చాడు. 1987 మార్చి 28న అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని కొలంబస్‌లో అభిమానుల సభకు వెళ్లినప్పుడు గుండెపోటుతో కన్నుమూశాడు.

దొరికినవి, దొరకనివి

బీబీసీ అప్పట్లో టేపులు తుడిచి మళ్లీ వాడుకునేది. విదేశాలకు పంపిన ఫిల్మ్ కాపీలు కూడా చాలావరకు నాశనమయ్యాయి. 2013లో నైజీరియాలోని జోస్ నగరంలో ఒక టీవీ కేంద్రంలో ‘ది ఎనిమీ ఆఫ్ ది వరల్డ్’ మొత్తం దొరికింది, ‘ది వెబ్ ఆఫ్ ఫియర్’లో ఒక్క మూడో భాగం తప్ప మిగతావన్నీ చేతికొచ్చాయి. అంత పెద్ద పంట పండాక కూడా 119లో 53 భాగాలకు బొమ్మ లేదు. శబ్దం మాత్రం అన్నింటికీ ఉంది. ప్రసారమవుతున్నప్పుడు టీవీ ముందు కూర్చుని టేప్‌రికార్డర్లలో పట్టుకున్న అభిమానుల పుణ్యం అది. జాన్ క్యూరా అనే ఫొటోగ్రాఫర్ టీవీ తెర మీద బొమ్మలను వరసగా ఫొటోలు తీసి నటులకూ దర్శకులకూ అమ్మేవాడు. పోయిన కథల్లో డాక్టర్ ఎలా నిలబడ్డాడో, ఎటు చూశాడో మనకు తెలిసింది ఆ ఫొటోల వల్లే.

కొత్తగా చూడాలనుకునేవాళ్లు ‘ది టూంబ్ ఆఫ్ ది సైబర్‌మెన్’తో మొదలుపెట్టండి. నాలుగే భాగాలు, బొమ్మ మొత్తం ఉంది. తర్వాత ‘ది మైండ్ రాబర్’, ఆపైన ‘ది ఎనిమీ ఆఫ్ ది వరల్డ్’. డాలెక్ కథ యానిమేషన్‌ను చివరికి ఉంచుకోండి. ట్రౌటన్ ముఖం, గొంతు అలవాటయ్యాక చూస్తే, గీసిన బొమ్మల వెనక ఆయన ఎక్కడ కనుబొమ ఎగరేశాడో మీరే పోల్చుకోగలరు.